55 ఓట్లొచ్చినా ఓడిన బిల్లు: అమెరికా సెనేట్‌లో ఫిలిబస్టర్ కథ

2025 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం మూతబడింది. 43 రోజుల తర్వాత గానీ తెరుచుకోలేదు. ఆ రోజుల్లో వార్తల్లో ఒక వింత లెక్క పదే పదే కనిపించేది. ప్రభుత్వ ఖర్చులకు తాత్కాలికంగా డబ్బు ఇచ్చే బిల్లుకు సెనేట్‌లో ఓటింగ్ పెట్టారు. అనుకూలంగా 55, వ్యతిరేకంగా 45. ఫలితం: బిల్లు వీగిపోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ పెట్టారు. ఒకటి రెండు ఓట్లు అటూ ఇటూ అయ్యాయి గానీ ఫలితం మారలేదు. అలా 14 సార్లు జరిగింది.

1999లో మన వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో, అంటే ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, గెలిచినట్టే అన్నది మనకు అలవాటైన లెక్క. పది ఓట్లు ఎక్కువొచ్చినవాళ్ళు ఓడిపోవడం ఏమిటి?

చిక్కు ఎక్కడంటే, ఆ 14 సార్లలో చాలాసార్లు సెనేటర్లు ఓటేసింది అసలు బిల్లు మీద కాదు.

రెండు ప్రశ్నలు, రెండు లెక్కలు

అమెరికా పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. అందులో ఒకటి ప్రతినిధుల సభ, రెండోది సెనేట్. సెనేట్‌లో 100 మంది సభ్యులు. ఒక్కో రాష్ట్రానికి ఇద్దరు. ఒక బిల్లు పాసవ్వాలంటే అక్కడా మామూలు మెజారిటీయే చాలు. 51 వస్తే సరి. 50-50 వస్తే ఉపాధ్యక్షుడు తన ఓటు వేసి తేలుస్తాడు.

కానీ ఆ ఓటింగ్ దాకా వెళ్ళాలంటే ముందు చర్చ ముగియాలి. "చర్చ ఇక చాలు, ఓటింగ్ పెడదాం" అన్నదానికి సభ విడిగా ఒప్పుకోవాలి. దీన్నే క్లోచర్ అంటారు. దానికి 60 ఓట్లు కావాలి. అంటే 51 మందితో గెలవగలిగే ఆటకు గేటు దగ్గర 60 ఓట్ల టికెట్ అడుగుతారన్నమాట. చర్చను ముగియనివ్వకుండా సాగదీసి బిల్లును ఆపడమే ఫిలిబస్టర్.

ఇంకో మెలిక ఉంది. 60 అంటే సభకు వచ్చినవాళ్ళలో 60 శాతం కాదు, ప్రమాణం చేసిన మొత్తం సభ్యుల్లో అయిదింట మూడు వంతులు. ఆరోజు 90 మందే వచ్చినా 60 కావాల్సిందే. కాబట్టి రానివాడి ఓటు కూడా 'వద్దు' ఖాతాలోనే పడుతుంది. బిల్లును ఆపాలనుకునేవాడు ఇంట్లో పడుకున్నా పని జరుగుతుంది. పాస్ చేయాలనుకునేవాడు మాత్రం 60 మందిని లెక్కపెట్టి మరీ తెచ్చుకోవాలి.

షట్‌డౌన్ సంగతే చూడండి. రిపబ్లికన్లకు 53 సీట్లున్నాయి. వాళ్ళలో ఒకరు తమ పార్టీ బిల్లునే వ్యతిరేకించారు. అటు డెమొక్రాట్ల వైపు నుంచి ముగ్గురు కలిశారు. 52, 3 కలిపి 55. నవంబరు 9న అటువైపు నుంచి కలిసినవాళ్ళు ఎనిమిదయ్యారు. సరిగ్గా 60-40. తలుపు తెరుచుకుంది.

చెత్త ఊడుస్తుంటే పోయిన రూలు

ఫిలిబస్టర్ అనే మాట మూలంలో సముద్రపు దొంగలది. దోపిడీగాడు అనే అర్థమున్న డచ్చి మాట స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. 1850ల్లో, ప్రైవేటు సైన్యాలతో లాటిన్ అమెరికా దేశాల మీద పడే అమెరికన్ సాహసగాళ్ళను ఆ పేరుతో పిలిచేవారు. సభా సమయాన్ని హైజాక్ చేసేవాళ్ళకు తర్వాత అదే పేరు అంటుకుంది.

ఇది రాజ్యాంగంలో ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. విదేశీ ఒప్పందాలకు, అభిశంసనలో దోషిగా తేల్చడానికి, అధ్యక్షుడి వీటోను దాటడానికి, సభ్యుణ్ణి బహిష్కరించడానికి, రాజ్యాంగ సవరణకు మూడింట రెండు వంతులు కావాలని రాజ్యాంగం విడివిడిగా చెప్పింది. మామూలు బిల్లులకు అలాంటి షరతేమీ పెట్టలేదు.

మరి ఎలా వచ్చింది? మొదట్లో సెనేట్‌లో కూడా చర్చ ఆపి ప్రశ్నను తేల్చమని అడిగే తీర్మానం ఒకటి రూలు పుస్తకంలో ఉండేది. అలాంటిదే ప్రతినిధుల సభలోనూ ఉంది. అక్కడ అది కాలక్రమంలో మెజారిటీ చేతిలో ఆయుధంగా మారింది. అందుకే ఇవాళ్టికీ ఆ సభలో ఎవరూ గంటల తరబడి మాట్లాడి బిల్లు ఆపలేరు. సెనేట్‌లో దాన్ని పెద్దగా వాడేవాళ్ళు లేరు. 1805లో ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ పదవి దిగిపోతూ, రూలు పుస్తకం గజిబిజిగా ఉంది, అక్కర్లేనివి తీసేయండని సలహా ఇచ్చాడు. అప్పటికి కొన్ని నెలల ముందే అలెగ్జాండర్ హామిల్టన్‌ని డ్యుయెల్‌లో కాల్చి చంపినవాడు ఈ బర్రే. సెనేట్ ఆయన మాట విని 1806లో రూళ్ళు సవరించింది. ఆ ఊడ్పులో ఈ రూలు కూడా పోయింది. చర్చకు స్వేచ్ఛ ఇద్దామనో, మైనారిటీకి అండగా ఉందామనో తీసింది కాదు. వాడకం లేదు కదా అని తీసేశారు, అంతే.

తలుపుకు గొళ్ళెం పోయిందన్న సంగతి వెంటనే ఎవరికీ తట్టలేదు. 1837లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను తప్పుబడుతూ అంతకుముందు చేసిన తీర్మానాన్ని రికార్డుల నుంచి కొట్టేయాలని ఆయన మద్దతుదారులు చూశారు. విగ్ పార్టీ సెనేటర్లు సాగదీసి అడ్డుకోబోయారు, ఓడిపోయారు. ఫిలిబస్టర్ చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. పుట్టిన మూడు దశాబ్దాలకు గానీ బిడ్డ ఏడుపు వినపడలేదన్నమాట.

1917: ముగింపు చెప్పే రూలు

మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది. జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచుతున్నాయి. వాణిజ్య నౌకలకు ఆయుధాలు ఇచ్చేందుకు అధ్యక్షుడు వుడ్రో విల్సన్ బిల్లు పెట్టించారు. సెనేట్ గడువు మార్చి 4తో ముగుస్తుంది. రాబర్ట్ లా ఫాలెట్, జార్జ్ నోరిస్ వంటి యుద్ధ వ్యతిరేకులు గుప్పెడు మంది గడియారం చూసుకుంటూ సాగదీశారు. గడువు అయిపోయింది, బిల్లూ అయిపోయింది. విల్సన్ మండిపడ్డారు. తమ అభిప్రాయం తప్ప ఎవరి అభిప్రాయానికీ ప్రతినిధులు కాని మొండి మనుషుల చిన్న గుంపు అని వాళ్ళను తిట్టిపోశారు.

మార్చి 8న, అంటే నాలుగు రోజుల్లోనే, సెనేట్ 22వ రూలు తెచ్చింది. ఓటింగ్‌కు వచ్చినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది కోరితే చర్చ ముగించవచ్చు. 1919లో వర్సైల్స్ ఒప్పందం మీద దాన్ని మొదటిసారి వాడారు. అలాగని చర్చలు సులువుగా ముగిశాయనుకునేరు. 1962 పూర్తయ్యేసరికి క్లోచర్ ఫలించింది మొత్తం 5 సార్లే.

నిలబడి మాట్లాడిన రోజులు

ఫిలిబస్టర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒంటరి సెనేటర్, గొంతు బొంగురు, టేబుల్ మీద నీళ్ళ గ్లాసు. ఆ బొమ్మ ఒకప్పుడు నిజమే. కూర్చోకూడదు, సభ వదిలి పోకూడదు, మాట ఆపకూడదు. విషయం మీదే మాట్లాడాలన్న పట్టింపు మాత్రం పెద్దగా లేదు.

1935 జూన్‌లో లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్ 15 గంటలకు పైగా మాట్లాడారు. మధ్యలో ఆయిస్టర్లు ఎలా వేయించాలో, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో తమ ఊళ్ళో చారు లాంటిది ఎలా కాస్తారో వివరించారు. అవన్నీ సభ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి.

1957 ఆగస్టు 28న సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ పౌరహక్కుల బిల్లుకు వ్యతిరేకంగా లేచారు. మధ్యలో టాయిలెట్‌కు వెళ్ళే అవసరం రాకూడదని ముందే ఆవిరి స్నానాలు చేసి ఒంట్లో నీళ్ళు తగ్గించుకుని వచ్చారట. రాష్ట్రాల ఎన్నికల చట్టాలు, స్వాతంత్ర్య ప్రకటన, వాషింగ్టన్ వీడ్కోలు సందేశం అన్నీ చదివారు. 24 గంటల 18 నిమిషాలు. ఆయన కూర్చున్న కాసేపటికే బిల్లు పాసైపోయింది.

ఆ రికార్డు 2025 దాకా నిలిచింది. న్యూజెర్సీకి చెందిన నల్లజాతి సెనేటర్ కోరీ బుకర్ మార్చి 31 సాయంత్రం మొదలుపెట్టి 25 గంటలు దాటించారు. ఆయనేమో ముందు నుంచే తిండీ నీళ్ళూ మానేసి వచ్చారు. కానీ అప్పుడు ఆయన ఆపుతున్న బిల్లు ఏదీ లేదు. అది ట్రంప్ ప్రభుత్వం మీద నిరసన ప్రసంగం. కచ్చితంగా చెప్పాలంటే ఫిలిబస్టర్ కాదు. ఈ తేడా టీవీ వార్తల్లో తరచు కొట్టుకుపోతుంది: ఇవాళ గంటల తరబడి మాట్లాడేవాడు సాధారణంగా ఏ బిల్లునూ ఆపడు, బిల్లులు ఆపేవాళ్ళు అసలు మాట్లాడరు.

ఎవరి బిల్లులు ఆగాయి

ఫిలిబస్టర్ గురించి వాదన ఎప్పుడొచ్చినా ఈ చరిత్ర అడ్డం వస్తుంది. నల్లజాతివాళ్ళను గుంపులు కొట్టి చంపడాన్ని కేంద్ర నేరంగా చేసే బిల్లు 1922లో ప్రతినిధుల సభలో నెగ్గింది. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు దాన్ని సాగదీసి చంపారు. అలాంటి బిల్లులు తర్వాత కూడా ఎన్నో వచ్చి పోయాయి. చివరికి చట్టమైంది 2022 మార్చిలో. సరిగ్గా వందేళ్ళు.

1964 పౌరహక్కుల బిల్లు దగ్గర అసలు యుద్ధం జరిగింది. అది రెండు పార్టీల మధ్య యుద్ధం కాదు. డెమొక్రాట్ల బిల్లును దక్షిణాది డెమొక్రాట్లే అడ్డుకున్నారు. వాళ్ళ నాయకుడు రిచర్డ్ రస్సెల్ తనవాళ్ళను ఆరుగురు చొప్పున మూడు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టు మాట్లాడుతుంటే మిగతా రెండు జట్లవాళ్ళు విశ్రాంతి తీసుకునేవారు. షిఫ్టులన్నమాట. రెండు నెలలకు పైగా సెనేట్ ఇంకో పని చేయలేకపోయింది. చివరి రాత్రి వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ 14 గంటల 13 నిమిషాలు మాట్లాడారు. ఈ పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది.

జూన్ 10న క్లోచర్ ఓటు. కావాల్సినవి 67. రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సెన్ తన పార్టీ ఓట్లు కూడగట్టి తెచ్చారు. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కు మెదడులో కణితి. మాట పడిపోయింది. ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. గుమాస్తా పేరు పిలిచాడు. ఎంగిల్ నోరు తెరిచారు, మాట రాలేదు. మెల్లగా చెయ్యెత్తి తన కంటిని చూపించారు. ఇంగ్లీషులో కన్నునూ, 'అవును' అని వేసే ఓటునూ ఒకేలా పలుకుతారు: 'ఐ'. గుమాస్తా 'అవును' అని రాసుకున్నాడు. లెక్క 71-29 దగ్గర తేలింది. మరో ఏడు వారాలకు ఎంగిల్ కన్నుమూశారు.

ఒక పౌరహక్కుల బిల్లు మీద ఫిలిబస్టర్‌ను క్లోచర్‌తో ఓడించడం అదే మొదటిసారి.

మాట పోయి లెక్క మిగిలింది

ఇప్పటి సెనేట్ ఎందుకిలా ఉందో అర్థం కావాలంటే 1964 కంటే 1970లు ముఖ్యం. అక్కడ డ్రామా లేదు కాబట్టి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఒక్క బిల్లు మీద ఫిలిబస్టర్ నడుస్తుంటే సభ మొత్తం స్తంభించడం సభా నాయకుడు మైక్ మాన్స్‌ఫీల్డ్‌కు తలనొప్పైంది. అందుకని రెండు పట్టాల పద్ధతి తెచ్చారు. గొడవలో ఉన్న బిల్లును ఒక పట్టా మీద పక్కన నిలబెట్టి, రెండో పట్టా మీద మిగతా పనులు నడుపుకోవచ్చు. ఆలోచన మంచిదే. కానీ సాగదీసేవాడికి ఇక నిలబడి మాట్లాడే బాధ తప్పింది. "మేం అడ్డుకుంటాం" అని కబురు పంపితే చాలు, బిల్లు సైడింగ్‌లోకి పోతుంది. 1975లో మూడింట రెండు వంతులను తగ్గించి 60 చేశారు. మెజారిటీకి మేలు చేద్దామనే చేశారు. అయితే ఓటింగ్‌కు వచ్చినవాళ్ళలో అన్న పాత లెక్క పోయి, మొత్తం సభ్యుల్లో అన్న కొత్త లెక్క వచ్చింది. పాత పద్ధతిలో ఆరోజు 81 మందే వస్తే 54 ఓట్లతో పనైపోయేది. కొత్త పద్ధతిలో 60కి ఒక్కటి తగ్గినా కుదరదు.

శ్రమ పోతే వాడకం పెరుగుతుంది. 1960ల్లో ఏ కాంగ్రెస్‌లోనూ, అంటే రెండేళ్ళ కాలంలో, క్లోచర్ తీర్మానాలు పది దాటేవి కావు. 2021-22 కాంగ్రెస్‌లో 300 దాటాయి. వాటిలో చాలా భాగం అధ్యక్షుడు చేసే నియామకాలను ఆమోదించడం కోసమే అన్నది నిజమే గానీ, మార్పు మాత్రం కళ్ళకు కడుతుంది.

60 ఓట్లు చేతిలో ఉన్నా పని వెంటనే అవదు. ఒక ఊహా బిల్లు తీసుకుందాం. సోమవారం సభా నాయకుడు బిల్లును చర్చకు తీసుకుందామంటాడు. ఎవరో అడ్డుపడతారు. 16 మంది సంతకాలతో క్లోచర్ తీర్మానం ఇస్తారు. రూలు ప్రకారం మధ్యలో ఒక రోజు ఆగాలి. మంగళవారం గడిచింది. బుధవారం ఉదయం 11కు ఓటు వేస్తే 60 వచ్చాయి. ఇక్కడి నుంచి ఇంకో 30 గంటల దాకా చర్చకు హక్కుంది. గురువారం సాయంత్రం 5కు గానీ "బిల్లు తీసుకుందామా" అన్నది తేలదు. గమనించండి, ఇంకా బిల్లు మొదలే కాలేదు. అప్పుడు అసలు బిల్లు మీద మరో క్లోచర్ తీర్మానం. శుక్రవారం ఆగాలి. శనివారం ఓటు. మళ్ళీ 30 గంటలు. ఆదివారం సాయంత్రం తుది ఓటింగ్, దానికి 51 చాలు.

ఒక బిల్లుకు ఒక వారం. మామూలుగా గురువారం మధ్యాహ్నానికల్లా సొంతూళ్ళకు విమానం ఎక్కే సభ అది. ఏడాదికి ఉన్నవే కొన్ని వారాలు. బడ్జెట్, రక్షణ, నియామకాలు పోను మిగిలిన వారాలను సభా నాయకుడు ఏ బిల్లుకు ఖర్చు పెడతాడు? ఫిలిబస్టర్‌కున్న బలమంతా ఇక్కడుంది. 60 ఓట్లున్న బిల్లులు కూడా టైమ్ దొరక్క చచ్చిపోతాయి.

ఒక్క అభ్యంతరం, లక్షల గ్రీన్ కార్డులు

ఇది మనవాళ్ళకు తగిలిన కథ. అమెరికాలో ఉద్యోగాల కోటా కింద ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్ కార్డులిస్తారు. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. 1,40,000లో 7 శాతమంటే 9,800. ఇండియా అయినా ఐస్‌లాండ్ అయినా పరిమితి అదే. వేరే దేశాలవాళ్ళు వాడుకోగా మిగిలినవి అదనంగా దక్కడం వేరే సంగతి. డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఏ తెలుగింట్లో భోజనానికి కూర్చున్నా "మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో చేరిన తేదీ) ఎంత?" అన్న మాట రాకుండా ఉండదు. ఆ డేట్ల వెనకున్న లెక్క ఇదే.

ఈ దేశాల పరిమితి తీసేయాలన్న బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది. అంత తేడాతో గెలిచినదానికి సెనేట్‌లో 60 ఓట్లు దొరకవని ఎవరూ అనుకోలేదు. కానీ దానికోసం వారం ఖర్చుపెట్టడానికి నాయకత్వం సిద్ధంగా లేదు. మిగిలిన దారి ఏకగ్రీవ సమ్మతి. సభలో లేచి, ఎవరికీ అభ్యంతరం లేకపోతే దీన్ని పాస్ చేద్దామని అడగడం. ఒక్కరు 'అభ్యంతరం' అన్నా కథ ముగిసింది. యూటా సెనేటర్ మైక్ లీ పదే పదే లేచి అడిగారు. ఒకసారి జార్జియా సెనేటర్ డేవిడ్ పెర్డ్యూ, ఇంకోసారి ఇల్లినాయి సెనేటర్ డిక్ డర్బిన్, మరోసారి ఫ్లోరిడా సెనేటర్ రిక్ స్కాట్ అడ్డుపడ్డారు. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం. ఇద్దరు రిపబ్లికన్లు, ఒకరు డెమొక్రాట్. ఒక్కొక్కరితో బేరం కుదుర్చుకుంటూ బిల్లు మారుతూ వచ్చింది.

2020 డిసెంబరు 2న చివరికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బిల్లు సెనేట్‌లో పాసైంది. వాట్సాప్ గ్రూపుల్లో ఆరోజు పండగే. కానీ బేరాల్లో మారిన బిల్లు, ప్రతినిధుల సభ పాస్ చేసిన బిల్లు ఒకటి కాదు. రెంటినీ కలిపేలోపే జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు తీరింది. బిల్లు కాలగర్భంలో కలిసిపోయింది. ఈ కథలో ఎవరూ గంటల తరబడి మాట్లాడలేదు. క్లోచర్ ఓటు కూడా జరగలేదు. అయినా ఇది ఫిలిబస్టర్ నీడలో జరిగిన కథే. వారం ఖర్చవుతుందన్న భయం లేకపోతే ఆ ఒక్క అభ్యంతరానికి అంత విలువ ఉండేది కాదు.

గేటు పక్కన సందులు

గేటు ఇంత గట్టిగా ఉంటే పక్కన సందులు పుట్టకుండా ఉంటాయా? రెండు ముఖ్యమైనవి ఉన్నాయి.

మొదటిది రీకన్సిలియేషన్. 1974 బడ్జెట్ చట్టం ప్రకారం పన్నులు, ఖర్చులకు సంబంధించిన ప్రత్యేక బిల్లు మీద చర్చ 20 గంటలకు మించకూడదు. చర్చకు పరిమితి ఉంది కాబట్టి ఫిలిబస్టర్ లేదు, 51 చాలు. సహజంగానే అందరూ అన్నీ ఇందులో కుక్కడం మొదలెట్టారు. దాన్ని ఆపడానికి 1985లో వచ్చిందే బర్డ్ రూలు. అవును, ఆ రాబర్ట్ బర్డే. 1964లో 14 గంటలు మాట్లాడిన మనిషి తర్వాత సెనేట్ సంప్రదాయాలకు కాపలాదారు అయ్యారు. బడ్జెట్‌తో నేరుగా సంబంధం లేనివి, నిర్ణీత ఏళ్ళు దాటాక లోటు పెంచేవి ఇందులో పెట్టకూడదన్నది ఆ రూలు సారం. 2021లో కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్లు చేద్దామని డెమొక్రాట్లు చూస్తే, సెనేట్ రూల్స్ అధికారి ఇందులో కుదరదన్నారు. 2017లో రిపబ్లికన్లు తగ్గించిన వ్యక్తిగత ఆదాయపు పన్నులకు 2025తో గడువు పెట్టాల్సి వచ్చింది కూడా ఈ చిక్కుల వల్లే. ఆ గడువు తీరకముందే 2025 జూలై 1న మళ్ళీ ఇదే దారిలో పొడిగింపు బిల్లు తెచ్చారు. 50-50 వస్తే ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఓటుతో గట్టెక్కింది.

రెండోదాని పేరు న్యూక్లియర్ ఆప్షన్. ఇది కాస్త తమాషాగా ఉంటుంది. రూలు మార్చే తీర్మానం మీద చర్చ ముగించాలంటే ఇప్పటికీ మూడింట రెండు వంతులు కావాలి. అది జరిగే పని కాదు. అందుకని నాయకుడు లేచి, ఫలానా నియామకానికి క్లోచర్ మామూలు మెజారిటీతో చాలు అంటాడు. సభాధ్యక్షుడు రూలు పుస్తకం చూసి, కాదు 60 కావాలి అంటాడు. నాయకుడు ఆ రూలింగ్ మీద సభకు అప్పీలు చేస్తాడు. ఆ అప్పీలుకు మామూలు మెజారిటీ చాలు. 51 మంది "సభాధ్యక్షుడు చెప్పింది తప్పు" అంటే ఇక ముందు కూడా అదే లెక్క నడుస్తుంది. పుస్తకంలో 60 అనే అంకె అలాగే ఉంటుంది. అర్థం మాత్రం 51 అవుతుంది!

2013 నవంబరు 21న డెమొక్రాట్ నాయకుడు హ్యారీ రీడ్ సుప్రీంకోర్టు తప్ప మిగతా నియామకాలకు ఇలా చేశారు. దీనికి చింతిస్తారు అని రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్ హెచ్చరించారు. 2017 ఏప్రిల్‌లో ఆయనే సుప్రీంకోర్టుకు కూడా అదే పద్ధతి వర్తింపజేసి నీల్ గోర్సచ్‌ను 54-45తో జడ్జిని చేశారు. 2025 అక్టోబరులో రిపబ్లికన్లు ఇంకో అడుగు వేసి వందమందికి పైగా నియామకాలను ఒకే ఓటుతో ఆమోదించారు. మామూలు చట్టాలకు మాత్రం 60 ఇంకా నిలిచే ఉంది.

ఉంచాలా, తీసెయ్యాలా

ఉంచమనేవాళ్ళ వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. ప్రభుత్వం మారినప్పుడల్లా చట్టాలు తలకిందులైతే వ్యాపారాలూ రాష్ట్రాలూ దేన్ని నమ్ముకుని నడవాలి? 60 కావాలంటే అవతలి పార్టీలో కొందరినైనా ఒప్పించాలి, అప్పుడు చట్టం నాలుగు కాలాలు నిలుస్తుంది అంటారు. మన దగ్గర ప్రభుత్వం మారితే రాజధాని ఏమవుతుందో చూసినవాళ్ళకు ఈ వాదన పట్టు తెలుస్తుంది.

తీసెయ్యమనేవాళ్ళది ఇంకో లెక్క. కాలిఫోర్నియాలో దాదాపు 4 కోట్ల మంది, వయోమింగ్‌లో 6 లక్షల లోపు. ఇద్దరికీ చెరి రెండు సీట్లు. ఆ అసమానత మీద మళ్ళీ 41 మందికి వీటో ఇవ్వడమేమిటి? 2013 ఏప్రిల్‌లో తుపాకులు కొనేవారి పూర్వాపరాల తనిఖీని పెంచే సవరణకు 54 ఓట్లొచ్చినా పోయింది. 2010 డిసెంబరులో, చిన్నప్పుడే అమెరికా వచ్చి కాగితాల్లేకుండా పెరిగిన పిల్లలకు దారి చూపే డ్రీమ్ బిల్లు 55-41 వచ్చినా ఆగింది. మైనారిటీకి ఇలాంటి అడ్డు హక్కు ఇవ్వడం వల్ల కలిగే నష్టాల గురించి రాజ్యాంగం కొత్తలోనే హామిల్టన్ గట్టిగా రాశాడు కూడా. అయితే చిన్న రాష్ట్రాలన్నీ ఒకే పార్టీవి కావు. వయోమింగ్, డకోటాలు ఒకవైపైతే వెర్మాంట్, డెలావేర్, రోడ్ ఐలాండ్ ఇంకోవైపు. కాబట్టి ఈ లెక్క వినపడినంత సూటిగా ఉండదు.

నాకు ఈ వాదనల కంటే వాదించేవాళ్ళు ఆసక్తిగా కనిపిస్తారు. 2017లో ట్రంప్ ఫిలిబస్టర్ ఎత్తేయమంటుంటే, ఉంచాలని రెండు పార్టీల సెనేటర్లు 61 మంది ఉత్తరం రాశారు. డెమొక్రాట్ కమలా హారిస్ కూడా సంతకం పెట్టారు. 2022 జనవరిలో ఓటుహక్కు బిల్లు కోసం దాన్ని సడలించాలని డెమొక్రాట్లే చూశారు. వాళ్ళలోనే జో మాంచిన్, కిర్‌స్టెన్ సినెమా అనే ఇద్దరు ఒప్పుకోక 48-52తో ఓడిపోయారు. 2025 షట్‌డౌన్‌లో ట్రంప్ మళ్ళీ ఎత్తేయమంటే ఆయన పార్టీ సెనేట్ నాయకుడు జాన్ థూనే కుదరదన్నారు. రేపు మైనారిటీలో కూర్చునేది తామే కావచ్చని సెనేటర్లకు తెలుసు. అధ్యక్షులకు ఆ బాధ లేదు.

మన పార్లమెంటులో ఇది ఎందుకు లేదంటే, చర్చ ముగించే తీర్మానానికి మామూలు మెజారిటీ చాలు. అందుకే ఇక్కడ అడ్డుకోవాలనుకునేవాళ్ళు మాట్లాడరు, వెల్‌లోకి దూసుకెళ్తారు. 2014 ఫిబ్రవరిలో రాష్ట్ర విభజన బిల్లు సమయంలో లోక్‌సభలో పెప్పర్ స్ప్రే దాకా వెళ్ళింది. అయినా 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది. ఇంకో తేడా, మన దగ్గర విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. నవంబరు 9న పార్టీ గీత దాటిన ఆ ఎనిమిది మందికి అలాంటి టెన్షన్ ఏమీ లేదు. సభ్యులు అటూ ఇటూ కదలగలిగే చోటే 60 అనే లెక్క నడుస్తుంది.

మళ్ళీ నిలబెట్టి మాట్లాడిస్తే?

రెండు పార్టీల్లోనూ కొందరు మధ్యేమార్గం చెబుతుంటారు. 60 జోలికి పోవద్దు, అడ్డుకునేవాళ్ళు పాత రోజుల్లోలా నిలబడి మాట్లాడాలి అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క వేసి చూడండి. ఒక ప్రశ్న మీద ఒక్కో సెనేటర్ ఒక శాసన దినంలో రెండుసార్లు మాట్లాడవచ్చు. శాసన దినమంటే మన క్యాలెండర్ రోజు కాదు, సభను వాయిదా వేయకుండా విరామంతో ఆపుతూ పోతే అది వారాల తరబడి సాగుతుంది. 47 మంది ప్రతిపక్షం, తలా రెండు ప్రసంగాలు, ఒక్కోటి 8 గంటలు: 752 గంటలు. రాత్రింబగళ్ళు నడిపినా 31 రోజులు. మధ్యలో ఒక సవరణ పెడితే అది కొత్త ప్రశ్న, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

పైగా శిక్ష ఎవరికి? ప్రతిపక్షం నుంచి మాట్లాడే ఒక్కరు సభలో ఉంటే చాలు. ఆయన అర్ధరాత్రి రెండింటికి "కోరం లేదు" అన్నాడంటే 51 మందిని పోగుచేయాల్సిన బాధ్యత మెజారిటీది. మడతమంచాలు వేసుకుని సభ పక్కనే పడుకోవాల్సింది వాళ్ళే.

1988 ఫిబ్రవరిలో డెమొక్రాట్ నాయకుడిగా ఉన్న రాబర్ట్ బర్డ్ దీన్ని ప్రయత్నించి చూశారు. ఎన్నికల ఖర్చుకు పరిమితి పెట్టే బిల్లు అది. రాత్రంతా సభ నడిపించారు. రిపబ్లికన్లు కోరం లేదని చెప్పి మూకుమ్మడిగా మాయమయ్యారు. బర్డ్ వాళ్ళను అరెస్టు చేసి తీసుకురమ్మని ఆదేశం తెప్పించారు. ఒరెగాన్ సెనేటర్ బాబ్ ప్యాక్‌వుడ్ తన ఆఫీసు తలుపుకు కుర్చీ అడ్డంపెట్టి లోపల కూర్చున్నారు. అధికారులు తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళారు. సభ దాకా వచ్చాక ఆయన సొంతంగా లోపల అడుగుపెట్టనన్నారు. కాళ్ళు ముందుకు, తల వెనక్కి ఉండేలా ఎత్తుకుని అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో దింపారు. కోరం సరిపోయింది. రెండు రోజుల తర్వాత క్లోచర్ ఓటు పెడితే 53-41 వచ్చింది. బిల్లు మూలపడింది.